ప్రతిమను త్రొక్కినవారి చరిత్ర: జపానును గూర్చి చదువదగిన కొన్ని గ్రంథములు

జపాను దేశము మన ప్రసంగములలో సాధారణముగా రెండు చోట్ల వినబడుతుంది. మొదటిది, కష్టపడి పనిచేయు జనాంగమునకు దృష్టాంతముగా. అణుబాంబుతో బూడిదైన దేశము కొద్ది ఏండ్లలోనే తిరిగి లేచినదని చెప్పి మన యౌవనస్థులను మందలిస్తాము. రెండవది, హతసాక్షుల వరుసలో. నాగసాకి పట్టణమున సిలువ వేయబడిన ఇరవై ఆరుగురిని జ్ఞాపకము చేస్తాము. ఈ రెండింటిలో అసత్యమేమీ లేదు. కాని సిలువ మీద చనిపోనివారు కూడా ఆ సంఘములో ఉన్నారు. క్రీస్తు ప్రతిమను కాలితో త్రొక్కి, తల వంచుకొని ఇంటికి తిరిగి వెళ్ళినవారు వారు. రెండు వందల ఏండ్లకు పైగా జపాను క్రైస్తవ విశ్వాసము బ్రదికినది వీరి ఇండ్లలోనే. వీరిని గూర్చి మన ప్రసంగములలో ఒక్క మాటయు ఉండదు.

జపాను సంస్కృతిని గూర్చి, సాహిత్యమును గూర్చి, కళను గూర్చి ఏ పుస్తకములు చదువవలెనని వేదాంత విద్యార్థులు అడిగినప్పుడు మేము ఈ మనుష్యులను మనస్సులో ఉంచుకొనియే సమాధానము చెప్పుచున్నాము. ఇందు పేర్కొన్న గ్రంథములన్నియు ఇంగ్లీషులో ఉన్నవే. జపాను భాష నేర్చుకొనకుండనే చదువవచ్చును.

సాధారణముగా అందరూ మూడు చిన్న పుస్తకములతో మొదలుపెడతారు. ఇనాజో నితోబే వ్రాసిన 'బుషిదో' 1900లో అమెరికాలో వెలువడినది. కాకుజో ఒకాకురా వ్రాసిన 'ద బుక్ ఆఫ్ టీ' 1906లో న్యూయార్కులోను, రూత్ బెనెడిక్ట్ వ్రాసిన 'ద క్రిసాంతిమమ్ అండ్ ద స్వోర్డ్' 1946లోను వచ్చినవి. మూడును చదువదగినవే. కాని వీటిని జపానుకు అద్దముగా కాక, ఆ యా కాలములలో ఎవరు ఎవరికి ఏమి చెప్పదలచిరో తెలిపే పత్రములుగా చదువవలెను. మొదటి ఇద్దరు జపానీయులే అయినా తమ స్వభాషలో వ్రాయలేదు, ఇంగ్లీషులో పాశ్చాత్యుల కొరకు వ్రాశారు. నితోబే సప్పోరో వ్యవసాయ కళాశాలలో చదువుచుండగా క్రీస్తును అంగీకరించాడు, తరువాత క్వేకరు సమాజములో చేరాడు. మీ బడులలో మతబోధ లేనప్పుడు నీతి ఎలా నేర్పుతారని ఒక బెల్జియము పండితుడు తన్ను అడిగెననియు, ఆ ప్రశ్నయే ఈ పుస్తకమునకు మూలమనియు అతడే ముందుమాటలో చెప్పాడు. ఆ సమాధానము కొరకు అతడు సమురాయిని ఐరోపా వీరునివలె అలంకరించాడు. అప్పటికే సమురాయి వర్గము రద్దై ఇరవై ఏండ్లు దాటినది. కాబట్టి పదునారవ శతాబ్దపు యోధులను తెలిసికొనుటకు ఈ పుస్తకము చాలదు. తన దేశమును ప్రేమించిన ఒక క్రైస్తవుని మనస్సును తెలిసికొనుటకు మాత్రము చాలా బాగున్నది.

ఒకాకురాను మనము మరియొక పుస్తకము ద్వారా కలిసికొనుట మంచిది. అతడు 1902లో మన దేశమునకు వచ్చి, కలకత్తాలో టాగూరు కుటుంబముతోను వివేకానందునితోను పరిచయము పొందినవాడు. 1903లో లండనులో ప్రచురింపబడిన అతని 'ది ఐడియల్స్ ఆఫ్ ది ఈస్ట్' గ్రంథమునకు ముందుమాట వ్రాసినది సోదరి నివేదిత. ఆసియా ఖండమంతయు ఒకే ఆత్మ గలదని, భారతదేశపు బౌద్ధము, చీనా విద్య జపాను కళలో భద్రపరచబడినవని అతని వాదము. ఆ మాట వినుటకు ఇంపుగా ఉన్నది. అయితే అదే ఐక్యత పేరుతో తరువాతి తరము సైన్యములు మంచూరియాలోను చీనాలోను ప్రవేశించినవి. 1916లో జపాను వెళ్ళిన రవీంద్రుడు అక్కడి జాతీయవాదమును ఎదుటనే విమర్శించాడు. ఆ ఉపన్యాసము 1917 నాటి 'నేషనలిజమ్' గ్రంథములో ఉన్నది. ఒకాకురాను చదివినవారు దానిని కూడా చదవాలి.

బెనెడిక్ట్ జపానులో అడుగు పెట్టలేదు. యుద్ధకాలమున అమెరికా ప్రభుత్వము కొరకు, పుస్తకములు, చలనచిత్రములు, అమెరికాలోని జపానీయుల మాటలు ఆధారముగా ఆమె పరిశోధన సాగినది. పాశ్చాత్యులది అపరాధభావ సంస్కృతి, జపానీయులది సిగ్గుభావ సంస్కృతి అనే విభజన అందరి నోట పడినది ఈ పుస్తకము వలననే. మిషను శాస్త్ర తరగతులలో ఈ విభజన చాలా సులువుగా వల్లె వేయబడుచున్నది. ప్రతి ఏడు ప్రతిమను త్రొక్కి, ఎవరూ చూడని గదిలో రాత్రి పశ్చాత్తాప ప్రార్థన చేసిన రైతును ఏ గడిలో ఉంచగలము? అతని కన్నీరు ఊరివారి యెదుట సిగ్గుపడి కార్చినది కాదు.

సమగ్ర చరిత్రకు జార్జ్ శాన్సమ్ వ్రాసిన 'జపాన్: ఎ షార్ట్ కల్చరల్ హిస్టరీ' (1931) ఇప్పటికీ మాకు నచ్చిన పుస్తకము. బ్రిటిషు రాయబార కార్యాలయములో ఉద్యోగిగా టోక్యోలో చాలా కాలమున్న ఇతడు మతమును, కళను, పరిపాలనను విడివిడి అధ్యాయములుగా కోయక కలిపి చూపుతాడు. కొన్ని అభిప్రాయములు పాతబడినవి, గద్యము పాతబడలేదు. సాహిత్యమునకు డొనాల్డ్ కీన్ కూర్చిన సంకలనము (1955) చాలును. ఈ అమెరికా పండితుడు 2011 భూకంపము తరువాత జపాను పౌరసత్వము తీసికొని, 2019లో అక్కడే చనిపోయాడు. ఓపిక గలవారు మురసాకి షికిబు వ్రాసిన 'గెంజి కథ'ను చదువవచ్చును. 54 అధ్యాయముల పెద్ద గ్రంథము. రాజమహేంద్రవరమున నన్నయ భారతాంధ్రీకరణము మొదలుపెట్టుటకు కొన్ని దశాబ్దములు ముందే ఒక స్త్రీ గద్యములో ఇంత పెద్ద కథ వ్రాసెనంటే ఆశ్చర్యముగా ఉండును. ఆర్థర్ వేలీ అనువాదము (1925-33) అందమైనది, రాయల్ టైలర్ అనువాదము (2001) మూలమునకు దగ్గరగా నడచునది. హైకూలను గూర్చి మేము ఎక్కువ చెప్పనక్కరలేదు. ఇస్మాయిల్ గారి పుణ్యమా అని తెలుగు చదువరులు వాటిని ఎరుగుదురు.

కళ విషయములో జోన్ స్టాన్లీ-బేకర్ వ్రాసిన 'జపనీస్ ఆర్ట్' (1984) చిత్రములతో కూడిన మంచి పరిచయము. తనిజాకి వ్రాసిన 'ఇన్ ప్రెయిజ్ ఆఫ్ షాడోస్' (1933) చిన్న వ్యాసమే అయినా, ఇంటిలోని మసక వెలుగులో బంగారుపూత ఎందుకు అందగించునో తెలుపుతుంది. తేనీటి ఆచారమును గూర్చి చదువునప్పుడు తకయామా ఉకోన్ పేరు గమనింపుడి. తేనీటి గురువు సెన్ నో రిక్యూకు ముఖ్యశిష్యులలో ఒకడైన ఈ సామంతుడు క్రైస్తవుడు. విశ్వాసము విడువనందుకు మొదట తన సంస్థానమును, తరువాత దేశమును పోగొట్టుకొని, 1615లో మనీలాలో చనిపోయాడు. తేనీటి గదిలో గిన్నె తుడిచే విధానము కాథలిక్కు పూజలోనుండి వచ్చినదని కొందరు చెప్పుదురు. దానికి రుజువు లేదు. ప్రసంగములో వాడకుండుట మేలు.

ఇక యుద్ధగాథ 'హెయికె మొనొగతారి'. మన జేతవన విహారపు గంటతో మొదలై, ఒక వంశపు పతనమును చెప్పే ఈ కథ జపాను పిల్లలందరికి తెలిసినది. సంఘ చరిత్ర విద్యార్థికి ఇందులో మరొక ఆసక్తి ఉన్నది. 1590లో యేసు సభవారు ఐరోపానుండి తెచ్చిన ముద్రణాయంత్రము మీద, 1592లో అమకుసాలో ఈ కథ వాడుకమాటలలో, రోమను లిపిలో అచ్చయినది. క్రొత్తగా వచ్చిన మిషనరీలకు భాష నేర్పుట దాని ఉద్దేశము. 1593లో ఈసపు కథలు, 1603లో ముప్పది వేలకు మించిన పదములతో జపాను-పోర్చుగీసు నిఘంటువు అచ్చయినవి. హెయికె కథను సిద్ధపరచినవాడు ఫాబియన్ ఫుకాన్ అనే జపాను సహోదరుడు. అతని పేరు జ్ఞాపకముంచుకొనుడి.

ఈ కాలమునకు మూలగ్రంథము సి. ఆర్. బాక్సర్ వ్రాసిన 'ద క్రిస్టియన్ సెంచరీ ఇన్ జపాన్' (1951). 1549 ఆగస్టు 15న కగోషిమాలో దిగిన ఫ్రాన్సిస్ జేవియరుతో మొదలవుతుంది. అతనికి భాషా సహాయము చేసిన అంజిరో మన గోవాలో బాప్తిస్మము పొందినవాడే. అంజిరో సలహా మీద జేవియరు దేవునికి 'దైనిచి' అను పేరు వాడాడు. అది బౌద్ధులు కొలిచే ఒక బుద్ధుని పేరు. తన బోధను ఆ శాఖ సన్యాసులు సంతోషముగా స్వీకరించుట చూచి అతనికి అనుమానము కలిగినది; తరువాత ఆ మాట విడిచి, లాటిను మాటయైన 'దేయుస్' వాడాడు. మాట మార్చినందున అపార్థము తీరినది, కాని దేవుడు పరదేశి అయ్యాడు. బైబిలు అనువాద తరగతిలో ఈ ఒక్క సంగతి ఒక గంట చర్చకు చాలును. 1587లో హిదెయోషి మిషనరీలను వెళ్ళగొట్టు ఉత్తరువు ఇచ్చాడు. 1597 ఫిబ్రవరి 5న నాగసాకిలో ఇరవై ఆరుగురు సిలువ వేయబడ్డారు. వారిలో గొన్సాలో గార్సియా ముంబయి దగ్గరి వసాయిలో పుట్టిన భారతీయుడు. 1614లో క్రైస్తవ మతము దేశమంతట నిషేధింపబడినది. అప్పటికి విశ్వాసులు సుమారు మూడు లక్షలని చరిత్రకారుల అంచనా.

బాక్సరు తరువాత జార్జ్ ఎలిసన్ వ్రాసిన 'డ్యూస్ డిస్ట్రాయ్డ్' (1973) తప్పక చదువవలెను. మన సెమినరీలలో దీనికి రావలసిన పేరు రాలేదని మా అభిప్రాయము. క్రైస్తవ్యమునకు విరోధముగా జపానులో వ్రాయబడిన గ్రంథముల అనువాదములు ఇందులో ఉన్నవి. మనము మన శత్రువుల పుస్తకములు చదువుట అరుదు. ఫాబియన్ 1605లో బౌద్ధమును, కన్ఫ్యూషియసు బోధను ఖండించి క్రైస్తవ పక్షమున ఒక సంవాదము వ్రాశాడు. కొద్ది ఏండ్లకు సంఘమును విడిచి, 1620లో అంతే పాండిత్యముతో క్రైస్తవ్యమును ఖండించాడు. అతని వాదములో సిద్ధాంత ఖండన ఉన్నది. దాని క్రింద గాయము కూడా ఉన్నది. పరదేశ ఫాదరీల గర్వము, జపానీయులను తక్కువగా చూచుట అతడు మరువలేదు. ఇది చదువుచుండగా మాకు మన అజరయ్య గారు తలపుకు వచ్చారు. దోర్నకల్ బిషప్పు కాకమునుపు 1907లో టోక్యోలో జరిగిన ప్రపంచ విద్యార్థి క్రైస్తవ సమాఖ్య సభకు వెళ్ళివచ్చిన ఆయన, 1910లో ఎడింబరో సభయెదుట మిషనరీలకును దేశీయ సేవకులకును స్నేహము కొరవడినదని కుండబద్దలు కొట్టినట్లు చెప్పారు. ఫాబియన్ విడిచి వెళ్ళి చెప్పిన దానిని ఆయన సంఘములో నిలిచి చెప్పారు. ఫాబియన్ మాట వినుటకు ఎవరైనా ఉండియుంటే ఏమయ్యేదో ఎలిసన్ చెప్పడు, చెప్పలేడు.

ఎలిసన్ పుస్తకములోని రెండవ వ్యక్తి క్రిస్టోవావ్ ఫెరేరా. పోర్చుగీసు జెసూట్, జపానులో తన సభకు నాయకుడు. 1633లో గోతిలో తలక్రిందులుగా వ్రేలాడదీయగా కొన్ని గంటలకు విశ్వాసమును వదలుకొన్నాడు. సవానో చువాన్ అను పేరు పెట్టుకొని, క్రైస్తవులను విచారించు అధికారులకు సహాయకుడయ్యాడు. 1636లో అతని పేరుతో క్రైస్తవ్యమునకు విరోధముగా ఒక గ్రంథము వచ్చినది. షుసాకు ఎండో వ్రాసిన 'సైలెన్స్' (1966) నవలలో యువకుడైన రొడ్రిగెస్ వెదకుచు వచ్చు గురువు ఇతడే. రొడ్రిగెస్ పాత్రకు ఆధారము జూసెప్పే కియారా అను ఇటలీ జెసూట్. అతడు 1643లో పట్టుబడి, విశ్వాసమును వదలి, 1685లో చనిపోవువరకు ఎదోలో ప్రభుత్వ నిర్బంధములోనే ఉన్నాడు.

విలియమ్ జాన్‌స్టన్ అనువాదము (1969) వలనను, 2016లో స్కోర్సేసి తీసిన చలనచిత్రము వలనను ఈ నవల పేరు మన కాపరులలో చాలమందికి తెలిసినది. కొందరు ఇది విశ్వాసత్యాగమునకు అనుమతిపత్రమని కోపించుదురు. కొందరు క్రీస్తే త్రొక్కుమన్నాడు గనుక సమస్య తీరిపోయినదని సంతోషించుదురు. ఇద్దరూ చివరి పుటలు చదువలేదని మా అనుమానము. కథ ముగిసిన తరువాత, ఒక నిర్బంధగృహపు అధికారి దినచర్య వలె వ్రాసిన పొడి భాగము ఉన్నది. అందులో త్రొక్కిన పాదిరీచేత విశ్వాస నిరాకరణ పత్రము మరల వ్రాయించుచున్నారు. అతని సేవకుని యొద్ద క్రైస్తవ తాయెత్తు దొరికినది. ఒకసారి త్రొక్కినవానిని రాజ్యము నమ్మలేదు. అతని విశ్వాసము నిజముగా చచ్చినదో లేదో వారికే తెలియలేదు. ఎండో తీర్పు చెప్పక ఆ కాగితములను మన చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

ఆది సంఘ చరిత్ర చదివినవారికి ఇది క్రొత్త ప్రశ్న కాదు. క్రీ.శ. 250లో డేసియస్ చక్రవర్తి ప్రతివానిచేత బలి అర్పింపజేసి ధ్రువపత్రములు ఇప్పించాడు. హింస ఆగిన తరువాత పడిపోయినవారిని తిరిగి చేర్చుకొనవచ్చునా అని కార్తేజిలో సిప్రియను తల పట్టుకొన్నాడు. జపానులోను ప్రతి కుటుంబము ఒక బౌద్ధాలయములో నమోదై, తాము క్రైస్తవులము కామని ధ్రువపత్రము పొందవలసి వచ్చినది. నాగసాకి ప్రాంతమున ఏటేటా ఫుమియే అను ప్రతిమను అందరూ త్రొక్కవలెను. 1669లో ఒక నాగసాకి శిల్పి చేత ఇరవై ఇత్తడి ప్రతిమలు పోతపోయించారు. వాటిలో చాలామట్టుకు నేడు టోక్యో జాతీయ మ్యూజియములో ఉన్నవి. తరతరముల పాదముల క్రింద ముఖములు అరిగిపోయినవి. క్రైస్తవ కళ అని మనము పిలుచుదానిలో ఇవి కూడా చేర్చదగినవని మేమనుకొనుచున్నాము.

అయితే కార్తేజికిని నాగసాకికిని ఒక భేదమున్నది. కార్తేజిలో పడిపోయినవారు తిరిగి వచ్చుటకు బిషప్పు ఉన్నాడు. జపానులో గురువు లేడు, సంస్కారము లేదు, తలుపు తట్టుటకు గుడి లేదు. ఉన్నది 1603 నాటి ఒక చిన్న పుస్తకపు బోధ మాత్రమే: ఒప్పుకోలు వినుటకు గురువు దొరకనప్పుడు సంపూర్ణ పశ్చాత్తాపము చేత దేవుడు క్షమించునని. పోర్చుగీసు మాట వారి నోట 'కొంచిరిసాన్' అయినది. ప్రతిమను త్రొక్కి వచ్చిన రాత్రి ఆ ప్రార్థన చెప్పుకొనిరి. మరుసటి ఏడు మరల త్రొక్కిరి. బాప్తిస్మము ఇచ్చువాడొకడు, పండుగల దినములు లెక్కపెట్టువాడొకడు, ఇట్లు పెద్దలను ఏర్పరచుకొని ఏడెనిమిది తరములు గడిపిరి. స్టీఫెన్ టర్న్‌బుల్ వ్రాసిన 'ద కకురె కిరిషితన్ ఆఫ్ జపాన్' (1998) ఈ దాగిన క్రైస్తవుల జీవితమును వివరముగా చెప్పును. వారు కంఠస్థము చేసికొన్న పరిశుద్ధ గాథను క్రిస్టల్ వీలన్ 'ద బిగినింగ్ ఆఫ్ హెవెన్ అండ్ ఎర్త్' (1996) పేర ఇంగ్లీషు చేసినది. ఇందులో పొంతి పిలాతు ఇద్దరు మనుష్యులు: పొన్షా ఒకడు, పిరోతో ఒకడు. విద్యార్థులు ఇక్కడ నవ్వుదురు; నవ్వవచ్చును. బైబిలు లేక, బోధకుడు లేక, విశ్వాస ప్రమాణములోని ఆ పేరు రెండు ముక్కలైనను నేల పడకుండ ఇంతకాలము నిలిచినదని తెలిసిన తరువాత నవ్వు తగ్గును.

1865 మార్చి 17న నాగసాకిలో క్రొత్తగా కట్టిన ఊరా దేవాలయమునకు ఉరకామి పల్లెవారు కొందరు వచ్చి, తమ విశ్వాసము ఆయన విశ్వాసమేయని ఫ్రెంచి గురువు పెతిజాన్‌తో రహస్యముగా చెప్పారు. చాలా ప్రసంగములు ఈ సంతోషముతో ముగియును. చరిత్ర ముగియలేదు. 1868లో అధికారములోనికి వచ్చిన ఆధునిక ప్రభుత్వమే ఉరకామివారిని, సుమారు 3,400 మందిని, దేశము నలుమూలలకు చెరగొనిపోయినది. 600 మందికి పైగా చనిపోయారు. 1873లో నిషేధపు పలకలు తీసివేయబడి మిగిలినవారు ఇల్లు చేరారు. తాము ఏటేటా ప్రతిమను త్రొక్కిన గ్రామాధికారి ఇంటి స్థలమునే కొని, దానిమీద గుడి కట్టుకొన్నారు. 1945 ఆగస్టు 9న అణుబాంబు ఆ గుడికి సుమారు అర కిలోమీటరు దూరమున ప్రేలినది. 12,000 మంది విశ్వాసులలో సుమారు 8,500 మంది చనిపోయారని చెప్పబడుచున్నది.

అక్కడి వైద్యుడు తకాషి నగాయి వ్రాసిన 'ద బెల్స్ ఆఫ్ నాగసాకి' అమెరికా సైన్యపు సెన్సారు కారణముగా ఆలస్యమై 1949లో వచ్చినది. మనీలాలో జపాను సైన్యము చేసిన ఘోరముల వృత్తాంతమును జతపరచవలెనను షరతుతో అనుమతి దొరికినది. భార్యను పోగొట్టుకొని, తానును రక్తపు కేన్సరుతో మంచము పట్టిన మనిషి పుస్తకమును గౌరవముగా చదువుదము. కాని ఉరకామి నిర్దోషమైన దహనబలిగా దేవునిచేత ఏర్పరచబడినదను అతని మాటను మేము ప్రసంగపీఠము మీదికి తీసికొనిపోలేము. బాంబు దైవచిత్తమైతే దానిని వేసినవారు ఎవరికి లెక్క చెప్పవలెను? దీని ప్రక్కన జాన్ హెర్సీ వ్రాసిన 'హిరోషిమా' (1946) చదువుడి. అందులోని ఆరుగురిలో ఒకడు మెథడిస్టు కాపరి. నీళ్ళు మోయుట, గాయపడినవారిని పడవలో దాటించుట, ఇదే ఆ దినమున అతని పరిచర్య.

ప్రొటెస్టంటులమైన మనకు త్రొక్కుట అను ప్రశ్న వేరు రూపమున వచ్చినది. 1891లో కాంజో ఉచిమురా చక్రవర్తి సంతకము గల విద్యాశాసనము యెదుట తగినంత వంగనందుకు ఉద్యోగము పోగొట్టుకొన్నాడు. అతని 'హౌ ఐ బికేమ్ ఎ క్రిస్టియన్' (1895) హాస్యముతో నిండిన నిజాయితీ గల పుస్తకము. యాబై ఏండ్ల తరువాత, 1941లో, ప్రభుత్వపు ఒత్తిడితో ఏకమైన ప్రొటెస్టంటు సంఘము యుద్ధమునకు వంగినది. ఆ పాపమును ఆ సంఘపు అధ్యక్షుని పేరట 1967 ఈస్టరు నాడు బహిరంగముగా ఒప్పుకొన్నారు. ఆ మధ్యకాలములో కజో కితామోరి వ్రాసిన 'థియాలజీ ఆఫ్ ద పెయిన్ ఆఫ్ గాడ్' (1946) మన దైవశాస్త్ర తరగతులలో తెలిసినదే. కొసుకె కొయామా వ్రాసిన 'మౌంట్ ఫుజి అండ్ మౌంట్ సైనై' (1984) రాజ్యమును పూజించుట యెట్లు మొదలగునో యుద్ధములో బాప్తిస్మము పొందిన బాలుని జ్ఞాపకములతో చెప్పును. రెండింటిలో కొయామా పుస్తకము గ్రామ సంఘపు కాపరికి సులువు.

సెమినరీ గ్రంథాలయములో ఇన్నిటికి డబ్బు ఉండదని మాకు తెలియును. మూడింటికి మాత్రమే ఉన్నట్లయితే 'సైలెన్స్', ఎలిసన్ పుస్తకము, వీలన్ అనువాదము కొనుడి. ఎండోను మొదట చదివి, వెంటనే ఎలిసన్‌లో నిజమైన ఫెరేరాను చూడుడి. వీలన్ పుస్తకమును చివరకు ఉంచి, తరగతిలో బిగ్గరగా చదివించుడి. అది మొదటినుండి నోటిమాటగా నిలిచినదే గదా.